ఓటు జారిపోయేది కాగితం దగ్గర: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, నగరాల సమన్వయకర్తలకు నమస్కారం.

2024 ఎన్నికలప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో వాదనలకు కొదవ లేదు. ట్రంప్ వస్తే వీసాల సంగతేమిటి, హ్యారిస్ వస్తే పన్నుల సంగతేమిటి, ఉషా వాన్స్ పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు, కమలా హ్యారిస్ తల్లి తమిళనాడు మనిషి. ఇవన్నీ మాట్లాడుకోవలసినవే. రాజకీయం పట్టినవాళ్లే వాదించుకుంటారు. కానీ అలా వాదించుకున్నవాళ్లలో పౌరసత్వం ఉన్నవారు, ఓటరు జాబితాలో తమ పేరు ఏ స్పెల్లింగుతో ఉందో చూసుకున్నారా? పోస్టులో పంపిన బ్యాలెట్ లెక్కలోకి ఎక్కిందో లేదో కనుక్కున్నారా? పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి మార్చిలోనో జూన్‌లోనో జరిగిన ప్రైమరీకి వెళ్లారా? మన ఓటు సిద్ధాంతం దగ్గర పోవడం లేదు, కాగితం దగ్గర పోతోంది. ఆ కాగితం దగ్గర మనవాళ్ల పక్కన నిలబడాల్సింది మీరేనని చెప్పడానికే ఈ లేఖ.

ఇండియాలో ఓటు వేసి వచ్చినవాళ్లకు ఇక్కడి పద్ధతి ఒక పట్టాన అంతుపట్టదు. అక్కడ దేశానికంతా ఒకే ఎన్నికల సంఘం, ఇంటికొచ్చి పేరు రాసుకునే బూత్ స్థాయి అధికారి. ఇక్కడ ఎన్నికలు నడిపేది రాష్ట్రాలు, వాటి కింద మూడు వేలకు పైగా కౌంటీలు. వాషింగ్టన్‌లోని ఫెడరల్ ఎన్నికల కమిషన్ చూసేది ప్రచారపు డబ్బు లెక్కలే. చాలా రాష్ట్రాల్లో నమోదు చేయించుకోవడం, ఇల్లు మారితే చిరునామా మార్పించుకోవడం, గడువు గుర్తు పెట్టుకోవడం అంతా ఓటరు నెత్తినే. టెక్సస్‌లో పోలింగుకు 30 రోజుల ముందే నమోదు అయిపోవాలి. పైగా లైసెన్సు పని మీద వెళ్లినప్పుడు తప్ప అక్కడ ఆన్‌లైన్ నమోదు లేదు. వెబ్‌సైటులో ఫారం నింపినా దాన్ని అచ్చు తీసి, సంతకం పెట్టి, కౌంటీకి పంపాలి. "సబ్మిట్ నొక్కాను కదా" అనుకుని ఊరుకున్నవాళ్ల పేరు జాబితాలో ఉండదు.

అన్నిటికన్నా ముందు మన పేర్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ చిక్కు అక్కడే ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అమెరికాలో చివర వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి వచ్చినవాళ్లకు వీసా మీద అసలు పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. వెంకట సత్యనారాయణ లాంటి పేరు ఒక కార్డు మీద రెండు ముక్కలుగా, ఇంకో కార్డు మీద ఒకే ముక్కగా ఉంటుంది. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు ఒక కార్డులో మారుతుంది, ఇంకోదానిలో మారదు. 2002 నాటి హెల్ప్ అమెరికా ఓట్ చట్టం ప్రకారం, కొత్తగా నమోదయ్యేవాళ్లు ఇచ్చిన లైసెన్సు నంబరునో సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలనో ప్రభుత్వ రికార్డులతో సరిపోల్చి చూస్తారు. అక్షరం తేడా వచ్చిందంటే దరఖాస్తు ఆగే ప్రమాదం ఉంది. జార్జియాలో "ఎగ్జాక్ట్ మ్యాచ్" పేరుతో ఇదే జరిగింది. 2018 ఎన్నికల ముందు అక్కడ 53 వేలకు పైగా దరఖాస్తులు పెండింగులో పడ్డాయి. హైఫన్ ఉందా లేదా, ఖాళీ ఉందా లేదా అన్నంత చిన్న తేడాలకు కూడా. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫోర్సైత్ కౌంటీ, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ అన్నీ ఆ రాష్ట్రంలోవే.

కాబట్టి పౌరసత్వ ప్రమాణం చేసిన ప్రతి సభ్యుడికీ మీరు చెప్పాల్సిన వరస ఇది. సర్టిఫికెట్ చేతికి రాగానే అందులో పేరు ఎలా పడిందో అక్షరం అక్షరం చూసుకోవాలి. అదే పేరును సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో, ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సులో పెట్టించాలి. లైసెన్సు కార్యాలయంలో పౌరసత్వం వచ్చిన సంగతి కూడా రికార్డు చేయించాలి. ఇవయ్యాక లైసెన్సు మీద ఉన్నట్టే ఓటరు ఫారం మీద రాయాలి. కొన్ని వారాలు ఆగి రాష్ట్ర వెబ్‌సైటులో పేరు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఈలోగా నమోదు గడువు దగ్గరపడుతుంటే మాత్రం లైసెన్సు కోసం ఆగకుండా ఫారం పంపేయాలి.

లైసెన్సు రికార్డు మార్పించకపోతే ఏమవుతుందో 2019 జనవరిలో టెక్సస్ చూపించింది. రాష్ట్రంలో ఎన్నికలు చూసే రాష్ట్ర కార్యదర్శి డేవిడ్ విట్లీ కార్యాలయం, పౌరులు కాకపోవచ్చంటూ సుమారు 95 వేల మంది ఓటర్ల పేర్లను కౌంటీలకు పంపింది. ఎలా ఏరారంటే, ఎప్పుడో లైసెన్సు తీసుకునేటప్పుడు గ్రీన్ కార్డో వీసానో చూపించినవాళ్లను. ఆ తర్వాత వాళ్లు పౌరులయ్యారా అన్నది సరిగా చూడలేదు. కొద్ది రోజుల్లోనే దాదాపు 25 వేల పేర్లు పొరపాటున చేరినవని తేలింది. కోర్టులో కేసులు పడ్డాయి, ఏప్రిల్‌లో రాజీ చేసుకుని ఆ జాబితాను వెనక్కి తీసుకున్నారు. హెచ్-1బీ మీద వచ్చి, పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో ఆగి పౌరులైన తెలుగువాళ్లు సరిగ్గా అలాంటి జల్లెడలో పడే మనుషులు. కౌంటీ నుంచి "మీ పౌరసత్వం రుజువు చేయండి" అని ఉత్తరం వస్తే దాన్ని జంక్ మెయిల్ అనుకుని పడేయకూడదు. అందులో రాసిన గడువులోపు సర్టిఫికెట్ నకలు పంపాలి, పంపినట్టు రశీదు దాచుకోవాలి.

ఈ సందర్భంలో పౌరసత్వ రుజువు చట్టాల గురించి నా అభిప్రాయం దాచుకోను. 2025 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ సేవ్ చట్టం బిల్లును 220–208 ఓట్లతో ఆమోదించింది. నమోదుకు పౌరసత్వ పత్రం చూపించాలన్నది దాని సారం. వినడానికి సబబుగానే ఉంటుంది. మన గ్రూపుల్లో కూడా చాలామంది "తప్పేముంది, ఇండియాలో కార్డు చూపించమా" అంటారు. కాన్సాస్ అనుభవం చూడండి. 2013లో అమల్లోకి వచ్చిన ఇలాంటి చట్టం వల్ల అక్కడ 31 వేల మందికి పైగా నమోదు ఆగిపోయింది. దరఖాస్తు చేసుకున్నవాళ్లలో అది దాదాపు 12 శాతం. 2018లో ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆపింది ఎక్కువగా అర్హులైన పౌరులనే, చేతిలో సమయానికి పత్రం లేనివాళ్లను. పుట్టుకతో పౌరులైనవాళ్లకు జనన ధ్రువపత్రం ఉంటుంది. మన పెద్దవాళ్ల సర్టిఫికెట్ మీద ఒక పేరు, లైసెన్సు మీద ఇంకో పేరు. ఇలాంటి చట్టం బరువు ముందు పడేది మన మీద. ఏ పార్టీని బలపరిచేవాళ్లయినా మీ ప్రాంత ప్రతినిధికి ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పండి.

పోస్టు బ్యాలెట్ దగ్గరకు వస్తే, సంతకం తేడా ఒక్కటే ఎన్నో ఓట్లను మింగేస్తుంది. చాలా రాష్ట్రాల్లో కవరు మీది సంతకాన్ని ఫైల్లో ఉన్న సంతకంతో పోలుస్తారు. ఆ ఫైలు సంతకం తరచూ లైసెన్సు కౌంటర్ దగ్గర చిన్న ఎలక్ట్రానిక్ పలక మీద హడావిడిగా గీకినది. అమ్మానాన్నలు తెలుగులో సంతకం చేస్తే తప్పేమీ లేదు, ఫైల్లోనూ తెలుగులోనే ఉండాలి అంతే. వయసుతో చెయ్యి వణికి సంతకం మారినవాళ్ల చేత కొత్త నమోదు ఫారం మీద ఇప్పటి సంతకం పెట్టించి పంపిస్తే ఫైలు మారుతుంది. ఇంట్లో ఇద్దరికీ బ్యాలెట్లు వచ్చినప్పుడు భార్య బ్యాలెట్ భర్త కవరులో వెళ్లడం కూడా మామూలుగా జరిగే పొరపాటే. ఒకరి కవర్లు పూర్తిగా మూసి పక్కన పెట్టాకే రెండోవారివి తెరవాలి.

రాష్ట్రానికో రూలు ఉంటుంది. పెన్సిల్వేనియాలో రెండు కవర్లు ఇస్తారు. బ్యాలెట్‌ను ముందు లోపలి రహస్య కవరులో పెట్టి, దాన్ని సంతకం చేసే బయటి కవరులో పెట్టాలి. లోపలి కవరు లేకుండా పంపిన బ్యాలెట్ చెల్లదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పోలింగు రోజు రాత్రి 8 గంటలలోపు కౌంటీ కార్యాలయానికి చేరాలి, పోస్టాఫీసు ముద్ర ఎప్పుడు పడిందన్నది అక్కడ లెక్కలోకి రాదు. టెక్సస్‌లో పోస్టు బ్యాలెట్ అందరికీ ఇవ్వరు, ప్రధానంగా 65 ఏళ్లు నిండినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, ఆ సమయంలో కౌంటీలో లేనివాళ్లకు. 2021 చట్టం వచ్చాక కవరు మూత కింద లైసెన్సు నంబరో సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో రాయాలి, అది నమోదు రికార్డుతో కలవాలి. ఆ రూలుతో జరిగిన మొదటి ప్రైమరీ, 2022 మార్చిలో, 24 వేలకు పైగా పోస్టు బ్యాలెట్లు తిరస్కరించారు. వచ్చినవాటిలో అది సుమారు 12 శాతం. ముప్పయ్యేళ్ల కిందట ఒక నంబరుతో నమోదై ఇప్పుడు రెండోది రాసినవాళ్లూ, మూత కింది గడిని అసలు చూడనివాళ్లూ అందులో ఉన్నారు. రెండు నంబర్లూ రాయమని మీ పెద్దలకు చెప్పండి. ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో పిల్లల దగ్గర ఉంటూ పౌరులైన తల్లిదండ్రులకు ఇది నేరుగా తగులుతుంది.

పంపాక పని అయిపోలేదు. చాలా రాష్ట్రాల్లో బ్యాలెట్ చేరిందా, ఒప్పుకున్నారా అని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. తేడా ఉందని చూపిస్తే సరిదిద్దుకునే అవకాశం చాలాచోట్ల ఉంది, గడువు మాత్రం రోజుల్లోనే ఉంటుంది. పోలింగు మరుసటి రోజు ఫలితాలు చూస్తూ కూర్చునే బదులు, మీ స్వచ్ఛంద కార్యకర్తలు పోస్టు బ్యాలెట్ పంపిన పెద్దలకు ఫోన్ చేసి "స్థితి చూశారా" అని అడిగితే ఎన్ని ఓట్లు నిలుస్తాయో. అధ్యక్ష ఎన్నికల్లో గెలుపు తేడాలు చూడండి: 2020లో జార్జియా తేడా 11,779 ఓట్లు, అరిజోనా తేడా 10,457. 2000లో ఫ్లోరిడా తేడా 537.

ఇంగ్లిషు రాని పెద్దల గురించి ఒక్క మాట. 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు ఉన్నవాళ్లకు, 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లిషు మినహాయింపు ఉంది, ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పి పౌరులు కావచ్చు. అంటే ఇంగ్లిషు రాని పౌరుడు ఉంటాడని చట్టమే ఒప్పుకుంది. అలాంటి మనిషి ఓటు వేయడానికి ఓటింగ్ హక్కుల చట్టం సెక్షన్ 208 దారి ఇచ్చింది. చదవలేని, రాయలేని ఓటరు తనకు నచ్చినవారిని సాయానికి లోపలికి తీసుకెళ్లవచ్చు. యజమాని, యజమాని తరఫు మనిషి, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. కొడుకు, కోడలు, మనవరాలు ఎవరైనా రావచ్చు. కొన్ని రాష్ట్రాల్లో సాయం చేసేవారు ఒక ప్రమాణ పత్రం మీద సంతకం చేయాలి. పోలింగ్ కేంద్రంలో ఎవరైనా అడ్డు చెబితే గొంతు పెంచకుండా "సెక్షన్ 208" అని చెప్పి, కేంద్రం అధికారిని పిలవమనాలి. ఆ రెండు వాక్యాలు ఇంగ్లిషులో అచ్చేసి మీ ఉగాది సభలో పంచితే చాలు.

తెలుగు బ్యాలెట్ ఎందుకు లేదని అడిగేవారికి జవాబు జనగణన శాఖ ఫారంలో ఉంది. అదే ఓటింగ్ హక్కుల చట్టం సెక్షన్ 203 ప్రకారం ఒక భాషా సమూహంలో ఇంగ్లిషు సరిగా రాని ఓటు వయసు పౌరులు 10 వేలు దాటినా, మొత్తంలో 5 శాతం దాటినా, అక్షరాస్యత షరతు కూడా కుదిరితే, ఆ కౌంటీ వాళ్ల భాషలో బ్యాలెట్ ఇవ్వాలి. భారతీయులందరినీ ఒకే సమూహంగా లెక్కిస్తారు. 2021 డిసెంబరు జాబితాలో న్యూయార్క్‌లోని క్వీన్స్, చికాగో ఉన్న కుక్, కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలతో పాటు ఎడిసన్ ఉన్న న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీ కూడా ఈ సమూహం కింద ఉంది. ఏ భాష అన్నది స్థానికంగా తేలుతుంది. కుక్ కౌంటీ హిందీ తీసుకుంది, క్వీన్స్ బెంగాలీ తీసుకుంది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. అందులో ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడిగితే "ఇండియన్" అనో "హిందీ" అనో కాక "తెలుగు" అని రాయాలి. ఇంగ్లిషు ఎంత బాగా వచ్చని అడిగినప్పుడు నాన్నగారికి "చాలా బాగా" అని పరువు కోసం టిక్కు పెడితే ఆయన ఈ లెక్కలోంచి తప్పుకుంటారు. "చాలా బాగా"కు తక్కువ ఏది రాసినా లెక్కలోకి వస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పండి.

ఇక గ్రీన్ కార్డు, హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న సభ్యుల సంగతి. ఇది నేను బతిమాలి చెబుతున్న విషయం. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికలో ఓటు వేస్తే నేరం, దేశం నుంచి పంపించేయవచ్చు. ఓటు వేయకపోయినా, పౌరుడినని చెప్పి నమోదు చేసుకుంటే అదే పెద్ద చిక్కు. అబద్ధపు పౌరసత్వ ప్రకటన కింద శాశ్వతంగా దారి మూసుకుపోవచ్చు. చాలామంది కావాలని చేయరు. లైసెన్సు కార్యాలయంలో తెర మీద వరసగా వచ్చే ప్రశ్నలకు "అవును, అవును" నొక్కుకుంటూ పోతారు. 1993 నాటి మోటార్ ఓటర్ చట్టం వల్ల ఓటరు ప్రశ్న కూడా ఆ వరసలోనే వస్తుంది. ఇల్లినాయ్‌లో అయితే తాము పౌరులం కాదని స్పష్టంగా చెప్పిన 500 మందికి పైగా పేర్లను యంత్రపు లోపం వల్ల జాబితాలోకి పంపారని 2020 జనవరిలో బయటపడింది. అడగకుండానే ఓటరు కార్డు ఇంటికొస్తే, దాన్ని దాచకుండా కౌంటీ ఎన్నికల కార్యాలయానికి రాతపూర్వకంగా "నేను పౌరుణ్ని కాదు, నా పేరు తీసేయండి" అని రాసి, తీసేసినట్టు ఉత్తరం తెప్పించుకోవాలి. పౌరసత్వం కోసం పెట్టే ఎన్-400 దరఖాస్తులో ఎప్పుడైనా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడుగుతారు, కాబట్టి అది నింపే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఆ ఉత్తరం చూపించాలి. మీరు నడిపే ఓటరు నమోదు బల్ల దగ్గర మొదటి ప్రశ్న "మీకు పౌరసత్వం వచ్చిందా" అన్నదే కావాలి. వచ్చినవారికే ఫారం.

ఎవరిని ఎన్నుకోవాలన్నది నేను చెప్పను. ఎక్కడ ఎన్నుకోవాలన్నది చెబుతాను. మనం అధ్యక్షుడి చుట్టూ తిరుగుతాం. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి కాంగ్రెస్ చేసిన చట్టం, ఏ అధ్యక్షుడూ ఒక్క సంతకంతో తీసేయలేడు. 2019 జులైలో ఆ పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరులో దాని వేరే రూపాన్ని ఆమోదించింది. రెండూ కలవకుండానే సభ కాలం ముగిసింది, బిల్లు పోయింది. అధ్యక్షుడి చేతిలో ఉన్నవి వేరే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ఒక ప్రకటనతోనే వచ్చింది. ఏది ఎవరి చేతిలో ఉందో తెలిసి అడిగినప్పుడే అడిగిన మాటకు విలువ. మీ సభకు వచ్చే ప్రతినిధిని వేదిక మీద శాలువా కప్పి పంపకుండా, "ఆ బిల్లు మళ్లీ వస్తే మీ ఓటు ఎటు" అని అడిగి, జవాబును సభ్యులందరికీ పంపండి.

చాలా నియోజకవర్గాల్లో నవంబరు ఓటు లాంఛనమే, అసలు ఎన్నిక ప్రైమరీలో అయిపోతుంది. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు, మార్చి ప్రైమరీలో ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే మే నెలలో మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ, అదే రనాఫ్. మొదటిసారి ఒక పార్టీలో వేసినవారు రనాఫ్‌లో రెండో పార్టీకి మారలేరు. న్యూయార్క్‌లో పార్టీలో నమోదై ఉండాలి, పార్టీ మార్చుకునే గడువు ఫిబ్రవరి 14. న్యూజెర్సీలో ఏళ్ల తరబడి "కౌంటీ లైన్" ఉండేది. కౌంటీ పార్టీ నాయకులు బలపరిచినవారి పేర్లన్నీ ఒకే వరసలో, మిగిలినవాళ్లు బ్యాలెట్ మూలల్లో. సెనేట్‌కు పోటీ చేస్తున్న ఆండీ కిమ్ కోర్టుకు వెళ్తే 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురైషీ డెమోక్రటిక్ ప్రైమరీలో ఆ పద్ధతిని ఆపారు. కొత్తవాళ్లు, వలస వచ్చినవాళ్ల పిల్లలు ఆ మూలల్లోంచి బయటకు రావడానికి ఆ తీర్పు పెద్ద మేలు చేసింది.

ఒక్క ఓటు కథ కావాలంటే వర్జీనియా చూడండి. 2017లో న్యూపోర్ట్ న్యూస్ శాసనసభ సీటులో షెల్లీ సైమండ్స్‌కు, డేవిడ్ యాన్సీకి సరిగ్గా 11,608 ఓట్లు వచ్చాయి. 2018 జనవరి 4న గిన్నెలోంచి చీటీ తీశారు, యాన్సీ పేరు వచ్చింది. దాంతో సభ 50–50 కావాల్సింది 51–49 అయింది. వర్జీనియా శాసనసభ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో జరుగుతాయి, మనవాళ్లు "ఈ ఏడు ఎన్నికలు లేవుగా" అనుకునే సంవత్సరాల్లో. టెక్సస్‌లో చాలా నగరాలకు, స్కూలు బోర్డులకు మే మొదటి శనివారం పోలింగు. స్కూలు సరిహద్దులు, ఆస్తి పన్ను రేటు, గుడి కట్టుకోవడానికి అనుమతి అన్నీ అక్కడే తేలతాయి. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు మాంట్‌గొమరీ కౌంటీలో రవాణా ఇంజినీరుగా చేసి, 2010లో మేరీల్యాండ్ శాసనసభకు ఎన్నికై, 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడి, 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. మెట్టు మెట్టుగా ఎక్కిన దారి అది.

డబ్బు విషయంలో జాగ్రత్త. పన్ను మినహాయింపు ఉన్న 501(సి)(3) సంఘం ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. సంఘం ఈమెయిల్, లెటర్‌హెడ్, వేదిక దేనితోనూ. అభ్యర్థిగా ఒకరిని పిలిస్తే పోటీలో ఉన్న మిగిలినవారికీ అదే అవకాశం ఇవ్వాలి, ఆ సభలో చందాలు వసూలు చేయకూడదు. పార్టీతో నిమిత్తం లేని ఓటరు నమోదు మాత్రం నిక్షేపంగా చేయవచ్చు. వ్యక్తిగత చందా పరిమితి 2025–26లో ఒక ఫెడరల్ అభ్యర్థికి ఎన్నికకు 3,500 డాలర్లు, ప్రైమరీకి వేరే, నవంబరుకు వేరే. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 వారు ఏ స్థాయి ఎన్నికకూ ఒక్క డాలరు ఇవ్వకూడదు, జీతం లేకుండా ప్రచారంలో చేయి వేయవచ్చు. ఒకరి పేరుతో ఇంకొకరి డబ్బు ఇవ్వడం నేరం. కంపెనీ యజమాని ఉద్యోగుల చేత చెక్కులు రాయించి తర్వాత ఆ డబ్బు తిరిగి ఇవ్వడం దీని కిందికే వస్తుంది.

మీ దగ్గర మనుషులున్నారు, హాళ్లున్నాయి, సభ్యుల జాబితాలున్నాయి. ప్రతి శాఖలో ఒక్కరికి ఒక్క కౌంటీ అప్పగించండి. ఆ కౌంటీలో నమోదు గడువు, ప్రైమరీ తేదీ, స్కూలు బోర్డు తేదీ, బ్యాలెట్ సరిదిద్దుకునే గడువు ఒకే కాగితం మీద తెలుగులో రాయించి, ఏడాది మొదట్లోనే పంచండి. టెక్సస్ శాఖలకు ఇంకో పని ఉంది. అక్కడ ఇతరుల నమోదు ఫారాలు తీసుకోవాలంటే వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్ నియామకం ఉండాలి. పౌరులకే ఇస్తారు, కౌంటీకో నియామకం వేరేగా తీసుకోవాలి, సరి సంవత్సరం డిసెంబరు 31తో అది ముగుస్తుంది. తీసుకున్న ఫారాలు 5 రోజుల్లోపు కౌంటీకి చేర్చాలి. కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో మీ కార్యవర్గంలోని పౌరులంతా ఈ నెలలోనే ఆ నియామకం తీసుకోండి. బతుకమ్మకో సంక్రాంతికో వేసే బల్లల్లో ఒకటి దానికి కేటాయించండి.

నమస్కారాలతో,
ఒక తెలుగు ఓటరు